హెడ్డింగులో ఎలుకను దాచకండి

తెలుగు దినపత్రికల్లో ఆరోగ్య పేజీలు చూసేవారికి, న్యూస్ చానళ్ల డెస్కుల్లో కూర్చునేవారికి, యూట్యూబ్‌లో జబ్బుల గురించి చెప్పేవారికి,

నమస్కారం.

బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థ యానిమల్ హౌస్‌లో నేను పదమూడేళ్లుగా టెక్నీషియన్‌ని. మాది హిందూపురం. సైంటిస్టుని కాను, డాక్టర్ని అసలే కాను. బీఎస్సీ జువాలజీ అయ్యాక, మా అమ్మ పనిచేసే గార్మెంట్స్ ఫ్యాక్టరీలోనే ఏదో ఒక మిషన్ ముందు కూర్చోవాల్సినదాన్ని, పేపర్లో ప్రకటన చూసి ఇటు వచ్చాను. అంటే ఈ ఉద్యోగం నాకు చూపించింది కూడా మీలో ఒకరే. అది మరిచిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది.

నా పని ఎలుకల్ని పెంచడం. కేజీలు మార్చడం, మేత, నీళ్లు చూడడం, ఈనితే పిల్లల లెక్క రాయడం, ఇరవై ఒక్క రోజులకి తల్లి దగ్గర్నుంచి వేరు చేసి, చెవికి చిన్న చిల్లు పెట్టి ఆ ముక్కను ల్యాబుకి పంపడం, ఏ పిల్లకి ఏ జన్యువు వచ్చిందో రిజిస్టర్లో ఎక్కించడం. వీటిలో కొన్ని పెద్దపేగు క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి జన్యువులు మార్చి తయారుచేసిన ఎలుకలు. వాటి మీద మీరు రాసే వార్తల గురించే నేను మాట్లాడాలనుకుంటున్నది.

మా మేనమామ హాస్పిటల్ ఫైల్లో ఒక పేపర్ కటింగ్ ఉంది. 'పెద్దపేగు క్యాన్సర్‌కు చెక్!' అని బారెడు అక్షరాలు. పక్కన కడుపు పట్టుకున్న మనిషి బొమ్మ. ఒక జన్యువును సరిచేస్తే కణితులు వారాల్లోనే మాయమవుతున్నట్టు శాస్త్రవేత్తలు కనిపెట్టారని వార్త. ఏ దేశమో, ఏ సంస్థో లేదు. మూడో పేరా చివర్లో మాత్రం 'ప్రయోగశాలలోని ఎలుకలపై' అని ఒక ముక్క ఉంది. మామ ఆ కటింగ్‌ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. మడత ఆ లైను మీదే పడింది. అక్కడి అక్షరాలు అరిగిపోయి, ఇప్పుడు చదవాలంటే వెలుతురుకి ఎత్తి పట్టుకోవాలి.

ఆ రోజు ఫోన్ చేశాడు. "పాపా, నువ్వు పనిచేసే చోటే కదా ఇట్లాంటివి చేసేది? జీన్ సరిచేస్తే గడ్డ కరిగిపోతాదంట. మనకెప్పుడిస్తారో ఒక మాట అడిగి చెప్పు" అన్నాడు.

"అది ఎలకలకి మామా" అన్నాను.

"మనిషికి పనిచేస్తాదనే కదా ఎలకల మీద చేసేది? లేకపోతే ఏంటికి చేస్తారు?"

ఫోన్లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇప్పుడు మీకు రాస్తున్నాను. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. జవాబు కూడా ఆయనకి మీ వార్తలోనే దొరికి ఉండాల్సింది.

ముందు ఆ ఎలుకలు ఎలాంటివో చెప్పాలి. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మీరు వేసే ఫొటోలో తెల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, పక్కన సిరంజి ఉంటాయి. చాలాసార్లు అది చిట్టెలుక కూడా కాదు, దానికి పదింతలు బరువుండే పెద్ద ఎలుక. తెలుగులో రెండింటినీ ఎలుక అనే అంటాం కాబట్టి మిమ్మల్ని ఏమీ అనలేను. మా దగ్గర ఈ పనిలో ఉన్నవి ఎక్కువగా నల్లవి, పాతిక ముప్పై గ్రాముల చిట్టెలుకలు. దోసిట్లో పెట్టుకుంటే బరువే తెలియదు.

ఈ ఎలుకల్లో అన్నిటికంటే పేరున్న రకాన్ని మిన్ అంటారు. పేగులో అనేక కణితులు అని అర్థమొచ్చే ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. దీన్ని ఎవరూ ఫలానా జన్యువు మార్చాలని అనుకుని చేయలేదు. అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీలోని విలియం డోవ్ ల్యాబులో మగ ఎలుకలకి జన్యువుల్ని చెదరగొట్టే ఒక రసాయనం ఎక్కించి, వాటి సంతానంలో ఏ మార్పులొస్తాయో చూస్తున్నారు. ఒక వంశంలో ఎలుకలు పెద్దయ్యేకొద్దీ రక్తం తగ్గి పాలిపోతున్నాయి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకీ అదే వస్తోంది. కోసి చూస్తే పేగు నిండా పాలిప్స్, అంటే చిన్న చిన్న కండ బుడిపెలు. ఎమీ మోజర్, హెన్రీ పిటో, డోవ్ కలిసి 1990లో ఆ సంగతి ప్రచురించారు. మరుసటి ఏడు, 1991లో, మనుషుల్లో వంశపారంపర్యంగా పెద్దపేగులో వందలూ వేలూ పాలిప్స్ వచ్చే ఎఫ్‌ఏపీ అనే జబ్బుకి కారణమైన ఏపీసీ జన్యువు దొరికింది. 1992లో మిన్ ఎలుకలో చెడింది కూడా అదే జన్యువని తేలింది. రసాయనం ఎక్కడో గుడ్డిగా తగిలి, మనిషిలో చెడే చోటునే చెడగొట్టింది. పనిలో చేరిన కొత్తలో మా సార్ ఈ కథ చెప్తే నేను నమ్మలేదు.

మిన్ ఎలుకను చూసే పద్ధతి ఒకటుంది. తోక మొదట్లో పట్టుకుని ఎత్తి కేజ్ మూత మీది కమ్మీల మీద వదిలితే అది కమ్మీల్ని పట్టుకుంటుంది. అప్పుడు పాదాలు చూడాలి. ఆరోగ్యంగా ఉన్నదానికి అరికాళ్లు లేత గులాబీ రంగులో, పసిపిల్ల పెదవుల్లా ఉంటాయి. నాలుగో నెల వచ్చేసరికి మిన్ ఎలుకకి ఆ రంగు పోతుంది. మొదట చిక్కటి టీలో పాలు కలిపినట్టు, తర్వాత ఉత్త మైదాపిండి రంగు. పేగులోని పాలిప్స్ నుంచి రోజూ కొంచెం కొంచెం రక్తం పోతూ ఉంటుందన్నమాట. పాదాలు తెల్లబడ్డాయంటే నేను వెటర్నరీ డాక్టర్‌కి చెప్తాను. ఆయన వచ్చి చూసి, ఇక అది బాధపడకుండా పని ముగించేస్తారు. మొదట్లో ఆ రోజుల్లో నాకు మధ్యాహ్నం డబ్బా తెరవబుద్ధయ్యేది కాదు.

2022 ఉగాదికి ఊరెళ్లాను. మామ స్టీలు గ్లాసుతో కాఫీ తాగుతూ గుమ్మంలో కూర్చున్నాడు. గ్లాసు పట్టుకున్న వేళ్ల గోళ్లు మైదాపిండి రంగులో ఉన్నాయి.

"రక్తం తక్కువగా ఉన్నట్టుంది మామా, టెస్ట్ చేయించుకో" అన్నాను. చేయించుకున్నాడు. హిమోగ్లోబిన్ 6.8. ఊళ్లో డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చాడు. విరేచనంలో రక్తం పడుతోందని మామ ఆయనతో అంతకు ఏడాది ముందే చెప్పాడట. మొలలు అన్నాడు, లేపనం రాసిచ్చాడు, కారం తగ్గించమన్నాడు. అత్తకి కూడా ఆ సంగతి తెలియదు. మగవాడు దొడ్డికి వెళ్లిన సంగతులు ఎవరితో చెప్పుకుంటాడు? యాభై మూడేళ్ల మనిషికి రక్తం 6.8కి పడిపోతే, లోపల ఎక్కడ కారుతోందో కెమెరా పెట్టి చూడాలని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. రోజుకి నలభై ఎలుకల పాదాలు తిప్పి చూసేదాన్ని, ఆ పూట కాఫీ తాగి బస్సెక్కేశాను. కొలనోస్కోపీ చేసింది మరో అయిదు నెలలకి, బెంగళూరులో. పెద్దపేగు ఎడమవైపు చివర్లో గడ్డ, అప్పటికే లివర్‌లో మూడు మచ్చలు.

ఇప్పుడు మామ ప్రశ్నకి వస్తాను.

మిన్ ఎలుక మనిషికి ఎంత దగ్గరో అంత దూరం కూడా. జన్యువు అదే, మొదటి మెట్టు అదే. ఏపీసీ చెడితే మొదలవుతుంది, తర్వాత క్రాస్, ఆ తర్వాత పీ53 లాంటి జన్యువులు ఒకటొకటిగా చెడుతూ పోతే బుడిపె క్యాన్సర్ అవుతుందని ఫియరన్, వోగెల్‌స్టైన్ 1990లో గీసిన వరుస ఇప్పటికీ పాఠాల్లో చెప్తున్నారు. కానీ మిన్ ఎలుకలో పాలిప్స్ ఎక్కువగా వచ్చేది చిన్నపేగులో. పెద్దపేగులో వెతికితే రెండో మూడో. మనిషికి చిన్నపేగు క్యాన్సర్ చాలా అరుదు. పైగా మిన్ ఎలుక రక్తం తగ్గో, పేగు మూసుకుపోయో నాలుగైదు నెలలకే పోతుంది. లివర్‌కి పాకేదాకా అది బతకదు. మామని బాధపెట్టింది లివర్. అంటే ఆయన జబ్బులో అన్నిటికంటే గడ్డు భాగం ఆ ఎలుకలో లేనే లేదు.

అందుకే తర్వాత వచ్చినవాళ్లు గుడ్డి రసాయనాలు మానేసి, కావాల్సిన చోట కావాల్సిన జన్యువును కత్తిరించే ఎలుకల్ని తయారుచేశారు. ఎలుకలో ఎంచుకున్న జన్యువును మార్చే దారి చూపించినందుకు కపెక్కీ, ఇవాన్స్, స్మిథీస్‌లకి 2007లో నోబెల్ వచ్చింది. కత్తిరింపు ఎలా జరుగుతుందో మా అమ్మకి ఆమె భాషలోనే చెప్పాను. గుడ్డ మీద టైలర్ సుద్దతో రెండు గీతలు గీస్తాడు కదా, అలా జన్యువుకి అటూ ఇటూ రెండు గుర్తులు కుడతారు. వాటిని లాక్స్ అంటారు. క్రీ అనే కత్తెర ఆ గుర్తులు కనబడిన చోట మాత్రమే కోస్తుంది. కత్తెరని పేగు కణాల్లోనే ఉండేట్టు పెడితే మిగతా ఒంట్లో ఏ జన్యువూ తెగదు. కత్తెరకి తాళం కూడా వేయొచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్ మందు ఇస్తేనే ఆ తాళం తీసుకుంటుంది. "అయితే గుడ్డ కుట్టేటప్పుడే ఎక్కడ చింపాలో కూడా కుట్టేస్తారన్నమాట" అంది అమ్మ. నేను ఇంతసేపు చెప్పింది ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది.

మామ కటింగ్‌లోని వార్త ఏ పరిశోధనదో నాకు దొరకలేదు. అలాంటిదే ఒకటి మాత్రం తెలుసు. 2015లో న్యూయార్క్‌లో స్కాట్ లోవ్ ల్యాబులో లూకస్ డౌ, తోటివాళ్లు ఒక ఎలుకను తయారుచేశారు. దానికి డాక్సీసైక్లిన్ ఇస్తే, అదే మనకి దగ్గుకీ జ్వరానికీ రాసే యాంటీబయాటిక్, ఏపీసీ జన్యువు నోరు మూసుకుంటుంది. మందు ఆపేస్తే మళ్లీ పనిచేస్తుంది. అది మూసుకున్నప్పుడు పెద్దపేగులో కణితులు పెరిగాయి. మందు ఆపగానే కణితులు పోయి, రెండు వారాల్లో మామూలు పేగు కనిపించింది. క్రాస్, పీ53 కూడా చెడగొట్టిన కణితులు సైతం వెనక్కి తగ్గాయి. చాలా పెద్ద సంగతే ఇది. క్యాన్సర్ బాగా ముదిరాక కూడా మొదట చెడిన ఆ ఒక్క జన్యువు మీదే ఆధారపడి ఉందని తేలింది. మందు కనిపెట్టేవాళ్లకి ఏ వైపు తవ్వాలో చూపించింది. మనుషుల్లో ఇలాంటి పరీక్ష చేసే దారే లేదు.

అయితే ఆ ఎలుకకి స్విచ్ పుట్టకముందే పెట్టారు. అమ్మ అన్నట్టు, చింపే చోటు గుడ్డలోనే కుట్టేశారు. మామ ఒంట్లో అలాంటి స్విచ్ లేదు. మీ ఒంట్లో లేదు, నా ఒంట్లో లేదు. ఈ రెండు వాక్యాలు మీ వార్తలో ఉండి ఉంటే మామ నాకు ఫోన్ చేసేవాడు కాదు. చేసినా ఇంకేదైనా అడిగేవాడు.

మామకి అప్పటికి కీమో అయిదు సైకిల్స్ అయ్యాయి. చన్నీళ్లు ముట్టుకుంటే వేళ్లకి కరెంటు కొట్టినట్టు ఉండేది. జనవరిలో అత్త కుళాయి కింద చేతులు పెట్టనిచ్చేది కాదు, సాక్సులు తొడిగి కూర్చోబెట్టేది. తిండి సహించక ఎనిమిది కిలోలు తగ్గాడు. ఆరో సైకిల్‌కి రమ్మన్న రోజు రాలేదు. ఏడోదానికీ రాలేదు. "కొత్తది వస్తాండాది కదా, ఈ విషం ఏంటికి ఎక్కించుకునేది, రెండు నెలలు చూద్దాం" అన్నాడట. కటింగ్ జేబులోనే ఉంది. మాకెవరికీ చెప్పలేదు. కంచాల చప్పుడు మధ్య అత్త నోరు జారితే తెలిసింది.

తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు. 2024 ఫిబ్రవరిలో పోయాడు. ఆ రెండు సైకిల్స్ ఎగ్గొట్టినందువల్లే పోయాడని నేననను. లివర్‌కి పాకిన జబ్బు, డాక్టరమ్మ కూడా ఆ మాట అనలేదు. మీ వార్త ఆయన్ని చంపిందని రాయడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. కానీ ఆ రెండు నెలలు ఆయన ఒక ఎలుకకి వచ్చిన ఫలితం కోసం ఎదురుచూశాడు. అది ఎలుకదని ఆయనకి ఎవరూ అర్థమయ్యేలా చెప్పలేదు.

ఇక పసుపు. ఇది చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే మన పేపర్లలో నెలకొకసారైనా పసుపు క్యాన్సర్‌ని తరిమికొడుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు మా ఎలుకల నుంచే. పసుపులో ఉండే కర్కుమిన్‌ను మేతలో కలిపి మిన్ ఎలుకలకి పెడితే పాలిప్స్ బాగా తగ్గాయని 2000, 2002ల్లోనే రాశారు. నిజంగానే తగ్గాయి. అదే ఎఫ్‌ఏపీ ఉన్న 44 మంది మనుషులకి ఏడాదిపాటు, సగం మందికి రోజుకి 3 గ్రాముల కర్కుమిన్, మిగతావాళ్లకి మందు లేని ఉత్త గొట్టం మాత్రలు ఇచ్చి చూశారు. ఫలితం 2018లో వచ్చింది. పాలిప్స్ సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు. జన్యువు అదే, జబ్బు అదే, తిన్న ఒళ్లు మాత్రం వేరు. 3 గ్రాముల కర్కుమిన్ రావాలంటే పప్పులో వేసే చిటికెడు పసుపుతో అయ్యే పనీ కాదు. ఎలుకల వార్త మన దగ్గర ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2018 నాటి మనుషుల వార్త తెలుగులో నా కంటికి ఒక్కసారీ కనబడలేదు. మీలో ఎవరైనా వేసి ఉంటే మన్నించండి, నాకు పంపండి, మా యానిమల్ హౌస్ నోటీసు బోర్డుకి అంటిస్తాను.

ఎలుక చెప్పింది మనిషిలో కొంతవరకు నిలబడి, ఆ తర్వాత మరో దారి పట్టిన కథ కూడా ఉంది. 1996లో జపాన్‌లో టాకెటో బృందం, ఏపీసీ చెడిన ఎలుకలో కాక్స్-2 అనే మరో జన్యువును కూడా తీసేస్తే పాలిప్స్ బాగా తగ్గుతాయని చూపించింది. కాక్స్-2ని అడ్డుకునే నొప్పి మాత్ర సెలికాక్సిబ్‌ను ఎఫ్‌ఏపీ పేషెంట్లకి ఆరు నెలలు ఎక్కువ మోతాదులో ఇస్తే పాలిప్స్ 28 శాతం తగ్గాయి. అమెరికాలో 1999లో అనుమతి కూడా ఇచ్చారు. తర్వాత మామూలు జనంలో పాలిప్స్ మళ్లీ రాకుండా ఉంటాయేమోనని ఇలాంటి మందుల్ని వేలమందికి ఇచ్చి చూస్తే, గుండెపోటు, పక్షవాతం పెరిగాయి. అదే జాతి మందు రోఫికాక్సిబ్‌ను 2004 సెప్టెంబరులో కంపెనీయే మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. సెలికాక్సిబ్ ట్రయల్ కూడా ఆ ఏడాదే ఆగింది. ఎఫ్‌ఏపీకి వాడే అనుమతిని 2011లో కంపెనీ వదులుకుంది. నాలుగైదు నెలలు బతికే ఎలుక గుండె సంగతి ఎక్కడ చెప్తుంది? మోకాళ్ల నొప్పికి ఈ మాత్ర ఇప్పటికీ రాస్తారు, మీ ఇంట్లో కూడా ఉండొచ్చు. దాన్ని క్యాన్సర్ రాకుండా వేసుకోమని ఏ యూట్యూబ్ డాక్టరైనా చెప్తే వినకండి.

న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. 2022 జూన్‌లో మీరందరూ 'క్యాన్సర్ మాయం' అని మోగించిన డోస్టార్లిమాబ్ అనే ఇంజెక్షన్ వార్త ఎలుకలది కాదు, మనుషులదే. న్యూయార్క్‌లో 12 మందికి ఇస్తే 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. కానీ వాళ్లందరిదీ జన్యువుల్లో తప్పులు దిద్దే వ్యవస్థ చెడిపోయిన రకం గడ్డ. మలద్వారం పైన వచ్చే క్యాన్సర్లలో ఆ రకం ఉండేది కొద్దిమందికే. మామ గడ్డ ఆ రకం కాదని బయాప్సీ రిపోర్టులోనే ఉంది. ఆ తర్వాత ఆయన కీమోకి వెళ్లినప్పుడు కూడా పక్క బెడ్ల వాళ్లు డాక్టర్లని ఆ ఇంజెక్షనే అడిగేవారట.

మీకిది చిన్న విషయంలా అనిపిస్తే, ఒక పొద్దున డెయిరీ సర్కిల్ దగ్గర కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి గేటు ముందు నిలబడి చూడండి. కదిరి, మదనపల్లె, గుంతకల్లు, ధర్మవరం. చుట్టూ వినబడేవాటిలో తెలుగు మాటలెన్నో. చేతిలో ప్లాస్టిక్ కవర్లో ఫైలు, కవర్లోనే టిఫిన్ పొట్లం, పొట్లం చుట్టినది మీ పేపరే. ఫోన్లో నడిచేది మీ వీడియోనే. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లు డెస్కులో మీరు కొట్టిన హెడ్డింగుని డాక్టర్ మాటతో పాటు తూకం వేస్తారు. చాలాసార్లు మీదే బరువు తూగుతుంది, ఎందుకంటే డాక్టర్‌కి మూడు నిమిషాలే టైముంటుంది, మీ మాట తెలుగులో ఉంటుంది.

కాబట్టి నేనడిగేది ఇది. పరిశోధన ఎలుకల మీద జరిగితే ఎలుక అనే మాట హెడ్డింగులోనే ఉండాలి. 'ఎలుకల్లో పెద్దపేగు కణితులు తగ్గించిన జన్యు చికిత్స' అంటే మీకు నాలుగక్షరాలు ఎక్కువవుతాయి, అంతే. కణితి ఎలుక ఒంట్లో ఎక్కడ వచ్చిందో, దానంతటది వచ్చిందో, స్విచ్ పెట్టి తెప్పించారో ఒక వాక్యం రాయండి. సైంటిస్టులకి మెయిల్ చేస్తే చెప్తారు, వాళ్లు అంత బిజీ ఏం కాదు, నేను రోజూ చూస్తున్నదాన్నే. ఆ మందు మనుషుల్లో పరీక్షకి వచ్చిందో లేదో రాయండి. అయిదేళ్ల తర్వాత మనుషుల్లో పనిచేయలేదని తేలితే, అప్పుడు కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. దీనికి మీరు ఒప్పుకోరని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఎలుకల పరిశోధన వార్తలే వేయొద్దని మాత్రం అనడం లేదు. అలా అనుకునే జంతుప్రేమికులూ మా గేటు బయట ఉన్నారు, ఎలుకతో ఏ లాభమూ లేదనేవాళ్లూ ఉన్నారు. పేగు గోడ గుంటల అడుగున ఉండి కొత్త కణాల్ని పుట్టించే మూలకణాల్లోనే ఈ జబ్బు మొదలవుతుందని 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం చూపించింది ఎలుకలోనే. లివర్‌కి పాకే ఎలుకలు కూడా ఇప్పుడు వచ్చాయి. 2019లో స్కాట్లాండ్‌లో ఓవెన్ సాన్సమ్ బృందం క్రాస్, పీ53తో పాటు కణాల మధ్య కబుర్లు మోసే నాచ్ అనే మార్గాన్ని కూడా కదిలిస్తే జబ్బు లివర్‌కి పాకుతుందని చూపించింది. ఆ వార్త చదివిన రోజు, ఈ ఎలుక ఇంకో ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఏమయ్యేదో అని ఆలోచిస్తూ బస్సులో నా స్టాపు దాటి ముందుకెళ్లిపోయాను. మన దగ్గర ఒక్క ఎలుక వాడాలన్నా ఎథిక్స్ కమిటీ ముందు ఎందుకో, ఎన్నో చెప్పి ఒప్పించాలి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, దాని కింద 1998లో వచ్చిన రూల్స్ ఉన్నాయి. కమిటీలో సైన్సుతో సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా కూర్చుంటారు. మీలో ఎవరైనా అలా కూర్చుంటే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

'క్యాన్సర్‌కు చెక్' వేసే జాగాలో ఇంకొకటి వేయొచ్చు. విరేచనంలో రక్తం పడితే మొలలే అనుకోవద్దని. కారణం తెలియకుండా రక్తం తగ్గిపోతున్నా, నెలల తరబడి విరేచనం తీరు మారినా, కొలనోస్కోపీ అవసరమా అని డాక్టర్ని నోరు తెరిచి అడగమని. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది, ఆ లోపల తీసేస్తే అయిపోతుంది. పాలిప్స్ తీయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్‌తో చావులు 53 శాతం తగ్గాయని అమెరికాలో వేలమందిని ఏళ్ల తరబడి చూసి 2012లో రాశారు. అది మనుషుల లెక్క. మన దేశంలో ముప్పై దాటినవాళ్లకి ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికి మాత్రమే. పెద్దపేగు అందులో లేదు. అందువల్ల ఎవరికి వాళ్లు తెలుసుకోవాల్సిందే, తెలిపేది మీరే. తల్లికో తండ్రికో ఎఫ్‌ఏపీ ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగం అవకాశం ఉంటుందని, పదీ పన్నెండేళ్ల వయసు నుంచే చూపించుకోవాలని కూడా రాయండి. మిన్ ఎలుక పిల్లల్లో కూడా సగానికే వస్తుంది. ప్రతి నెలా రిజిస్టర్లో ఎక్కించేది నేనే కాబట్టి ఆ సగం నాకు బాగా తెలుసు.

మా అత్త రెండుసార్లు అడిగినా కొలనోస్కోపీకి మామ తమ్ముడు ఇంకా రాలేదు. "నాకేం లేదు" అంటున్నాడు. ఆయన మీ చానల్ రోజూ చూస్తాడు.

నా పేరు వేయొద్దు, మా ఆఫీసు రూల్స్ ఒప్పుకోవు. నంబరు కవర్లో విడిగా పెట్టాను. ఎలుకల వార్త ఏదైనా అర్థం కాకపోతే మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి. పొద్దున పూట లోపల ఉంటాను, అక్కడికి ఫోన్ తీసుకుపోనివ్వరు.

ఇట్లు,
హిందూపురం నుంచి వచ్చిన ఒక యానిమల్ హౌస్ టెక్నీషియన్,
బెంగళూరు